ఆగినవాడు

అమలాపురంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు మొన్న వేసవికి ముందు మా అన్నయ్య విజయ్‌ని ముఖ్య అతిథిగా పిలిచారు. అక్కడి పిల్లలు ఆన్‌లైన్‌లో కోటలు కట్టి యుద్ధం చేసే ఆటల పోటీ పెట్టుకున్నారట. ఫైనల్ జరుగుతుండగా ఒక జట్టుకి నెట్ పోయింది. అదే అదనుగా ఎదుటి జట్టు వాళ్ళ కోట పడగొట్టి కప్పు ఎగరేసుకుపోయింది. ఓడినవాళ్ళు మళ్ళీ ఆడించమన్నారు, గెలిచినవాళ్ళు కుదరదన్నారు, మాటామాటా పెరిగి కుర్చీలు విరిగాయి. ఆటలు తయారుచేసే కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న మనిషి, అందులోనూ మన కోనసీమవాడు వచ్చి క్రీడాస్ఫూర్తి గురించి నాలుగు మంచిమాటలు చెబితే పిల్లలు దారికొస్తారని ప్రిన్సిపాల్ గారు అనుకున్నారు. ఆ రెండు జట్ల పిల్లల తల్లిదండ్రుల్ని కూడా రప్పించారు. అన్నయ్య హైదరాబాదు నుంచి కారులో దిగాడు. నేను అదే ఊళ్ళో డిగ్రీ పిల్లలకి తెలుగు పాఠాలు చెబుతున్నాను గనక నన్నూ వెంటబెట్టుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

మైకు అందుకోగానే అన్నయ్య, "మీకొక కథ చెప్తాను. కథంటే కథ కాదు, నా జీవితంలో జరిగిందే. రాజోలులో మా ఇంటి ముందుగదిలో జరిగింది," అన్నాడు. ఆ మాట వినగానే ఏసీ చల్లదనంలో కలిసిపోయిన ఎండుచేపల వాసన నా ముక్కుకి తగిలింది. ఆ గది రోజూ ఊడ్చినదాన్ని నేను. ఆ ఆట జరిగినప్పుడు కుర్చీల వెనక నిలబడి మొదటినుంచీ చివరిదాకా చూసినదాన్ని కూడా నేనే. అన్నయ్య ఆ సభలో ఏం చెప్పాడో తర్వాత చెబుతాను. ముందు ఆ గదిలో ఏం జరిగిందో చెప్పాలి.

మా ఇల్లు కాలవ గట్టు మీద ఉండేది. తాత ఒకరి పొలంలో పాలేరు. ఆయన కొడుకైన మా నాన్నగారు చదువుకుని హైస్కూలు హెడ్మాస్టరయ్యారు. అక్కడిదాకా రావడానికి ఆయన ఎవరి జాలీ అడగలేదు, కాబట్టి ఇంకెవరికీ జాలి అక్కర్లేదని ఆయన నమ్మకం. తెల్లవారకముందే లేచి, అందర్నీ లేపి, చాప మీద కూర్చోబెట్టి ప్రార్థన చేసేవారు. ఆ ప్రార్థనలో దేవుణ్ణి ఏదైనా అడగడం తక్కువ, మా తప్పులు ఆయనకి అప్పజెప్పడం ఎక్కువ. "ఎందుకంటే" అన్న మాట మా ఇంట్లో పలకకూడదు. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పరీక్ష రాసి క్లాసులో రెండోదాన్నయ్యాను. ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మ, ఇంకా మందుల వాసన వదలని చీరతోనే నన్ను దగ్గరికి తీసుకుని, "పిల్లకి ఒంట్లో బాగోలేదు కదండీ," అంది. నాన్నగారు నా మార్కుల కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, "జ్వరం వచ్చిందని ఇందులో ఎక్కడా రాయలేదే?" అన్నారు. ఆ రోజు అన్నంలోకి నాకు కూర వెయ్యనివ్వలేదు. అన్నయ్య నా కంచంలోకి చూసి నవ్వుతూ తన కూర తనే తిన్నాడు. నాన్నగారి చదువు నాకు వచ్చిందనీ, నాన్నగారి గుండె అన్నయ్యకి వచ్చిందనీ మా మామ్మ అంటూండేది.

మామ్మ అంటే నాన్నగారి తల్లి. ఆమెకి లోకంలో ఇష్టమైన వస్తువు ఎండుచేప. పెరట్లో కొబ్బరి మట్టల నీడ తగలని చోట చాప పరిచి, కాకుల్ని తిడుతూ రోజంతా చేపలకి కాపలా కాసేది. డిగ్రీ పూర్తయినా ఉద్యోగం రాని అన్నయ్య మా ముందుగదినీ వరండానీ కలిపి నెట్ సెంటర్ పెట్టాక ఆ చేపల వాసనకీ ఏసీకీ పెద్ద యుద్ధమే జరిగింది. చివరికి చేపలే గెలిచాయి. హాల్ టికెట్లు తీసుకునేవాళ్ళూ, దుబాయిలో ఉన్నవాళ్ళతో మాట్లాడేవాళ్ళూ ముక్కుకి రుమాలు అడ్డంపెట్టుకుని కూర్చునేవారు. ఆటల కోసం వచ్చే కుర్రాళ్ళకి మాత్రం ఏ వాసనా పట్టేది కాదు. పడమటి గోడకి ఆనుకుని మూలన ఒక కంప్యూటరు ఉండేది. మధ్యాహ్నం ఎండకి ఆ గోడ కాగితే దానికి బుర్ర తిరిగేది. లోపల ఫ్యాను ధాన్యం మిల్లులా రొద పెట్టి, తెర మీది బొమ్మ ఉన్నది ఉన్నట్టు బిగుసుకుపోయేది. ఆ సంగతి తెలిసినవాళ్ళు దాని దగ్గర కూర్చునేవారు కాదు. కొత్తవాళ్ళని అన్నయ్య దాని ముందే కూర్చోబెట్టేవాడు. సత్తిబాబునీ అక్కడే కూర్చోబెట్టేవాడు.

సత్తిబాబుది అంతర్వేది. వాళ్ళ నాన్న చేపల వేటకెళ్ళే బోటు మీద పనిచేసేవాడు. సత్తిబాబు మా ఊళ్ళో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేవాడు. సెలవులకి ఇంటికెళ్ళి వచ్చినప్పుడల్లా మామ్మకి నెత్తళ్ళని ఎండబెట్టిన చిన్నచేపల పొట్లం తెచ్చేవాడు. అన్నయ్య వాణ్ణి చూడగానే, "నెట్టంటే వల కాదురా సత్తీ, గుమ్మం బయట వదిలేసి రా," అనేవాడు. వచ్చినప్పుడల్లా అదే మాట, వచ్చినప్పుడల్లా గదంతా నవ్వు. సత్తిబాబూ నవ్వేవాడు. "ఆయ్, వదిలేసేనండి," అని చెప్పులు వరసలో పెట్టి లోపలికొచ్చేవాడు. వాడికి ఇంకో అవమానం కూడా ఉండేది. బోటెక్కితే వాంతులు. సముద్రం మీద ఒక్క పూట నిలవలేకపోయేవాడు. బోటువాళ్ళ ఇంట పుట్టి కెరటాలకి కళ్ళు తిరుగుతాయేమిటని వాళ్ళ నాన్నే పదిమందిలో వాణ్ణి ఎగతాళి చేసేవాడట. పరీక్షలవగానే బోటెక్కాల్సిందేనని కూడా చెప్పేశాడట.

ఆ ఆటలో మాత్రం వాడికి సాటి వచ్చేవాడు మా దగ్గర లేడు. ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఎవరి ఊరు వాళ్ళు కట్టుకోవాలి. చెట్లు కొట్టించాలి, పంట వేయించాలి, సైన్యాన్ని పెంచాలి, చివరికి ఎదుటివాడి కోట కూల్చాలి. మిగతా కుర్రాళ్ళు ఆట మొదలవగానే కత్తులు పట్టించి జనాన్ని యుద్ధానికి తోలేవారు. సత్తిబాబు ముందు పొలాలు వేసేవాడు. తన ఊళ్ళో బొమ్మమనుషులందరికీ తిండి సమకూరిందనుకున్నాకే సైనికుల జోలికి వెళ్ళేవాడు. వాడి ఆట చూస్తుంటే ఎవరో మంచి గృహిణి వంటిల్లు సర్దుకున్నట్టుండేది. అన్నయ్య వాడి చేతిలో చాలాసార్లు ఓడాడు. ఓడినప్పుడల్లా నెట్ స్లోగా ఉందనేవాడు, మౌస్ పట్టేస్తోందనేవాడు. నాన్నగారి చెవిన పడకుండా "ఎందుకంటే" అనడం అన్నయ్య ఆ గదిలోనే నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఒక ఆటల కంపెనీ ఊరూరి నెట్ సెంటర్ల నుంచీ ఆన్‌లైన్‌లో పోటీ పెట్టింది. చివరిదాకా నిలిచినవాళ్ళకి తమ దగ్గరే ఉద్యోగం ఇస్తామన్నారు. మా గదిలోంచి చాలామంది ఆడారు. ఒక్కొక్కరే రాలిపోగా అన్నయ్యా సత్తిబాబూ మిగిలారు. తర్వాతి ఆటకి ఆ కంపెనీ కంప్యూటరు కలిపిన జోడీ వాళ్ళిద్దరిదే. ఆ ఒక్క ఆట నెగ్గినవాడు హైదరాబాదు వెళ్ళొచ్చు. సత్తిబాబు ఆ వార్త మామ్మకి చెబుతుంటే నేను అక్కడే ఉన్నాను. "గెలిస్తే ఇంక బోటెక్కక్కర్లేదండి మామ్మగారూ," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

ఆదివారం చర్చినుంచి వచ్చి భోజనాలయ్యాక ఆట. గది నిండా కుర్రాళ్ళు. చర్చి బట్టలు మార్చుకోకుండానే నాన్నగారు కూడా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. అన్నయ్య ఏసీ కింద మంచి కంప్యూటరు ముందు కూర్చుని, సత్తిబాబుకి మూల చూపించాడు. ఎండ అప్పటికే పడమటికి వాలింది.

"అన్నయ్యా, అది వేడెక్కితే ఆగిపోతుంది కదా. ఇవాళైనా వేరేది ఇవ్వు," అన్నాను.

"అన్నీ ఒకటే. నిన్నెవరడిగేరు?" అన్నాడు అన్నయ్య.

"పర్వాలేదండి కరుణగారూ. దానికీ నాకూ అలవాటే కదండీ," అన్నాడు సత్తిబాబు. గోడకి చెయ్యి ఆనించి చూసుకుని, ఆ చెయ్యి చొక్కాకి తుడుచుకుని కూర్చున్నాడు.

ఆట చాలాసేపు సమంగా నడిచింది. తర్వాత సత్తిబాబు సైన్యం కదిలింది. అన్నయ్య పొలాలు పోయాయి, గోడ పోయింది. కోట తలుపు దగ్గరికి వచ్చేశారు. అన్నయ్య కంగారులో కాళ్ళు బల్ల కిందకి జాడించాడు. అతని కాలికే తగులుకుని నెట్ కేబుల్ ఊడి వచ్చింది. అతని తెర నిలిచిపోయింది. సత్తిబాబు తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. ఎదుటి ఆటగాడి కనెక్షన్ పోయింది, ఆగుతావా, అతన్ని తీసేస్తావా అని దాని అర్థం. తీసేస్తే ఆట ముగిసినట్టే. ఉన్నవాడు నెగ్గినట్టే.

"నొక్కెయ్యరా! తీసెయ్!" అని కుర్రాళ్ళు అరిచారు. అన్నయ్య పక్షాన ఉన్నవాళ్ళు కూడా అరిచారు, ఉత్సాహం ఆపుకోలేక.

సత్తిబాబు ఆగుతానన్నదాని మీద నొక్కాడు. కాసేపటికి ఆ పెట్టె మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే నొక్కాడు. "ఊడిపోతే ఆయన తప్పేవుందండి? పెట్టుకోనివ్వండి," అన్నాడు. అన్నయ్య మోకాళ్ళ మీద బల్ల కింద దూరి, బూతులు తిట్టుకుంటూ ఆ కేబుల్ మళ్ళీ గుచ్చాడు. పైకి లేచేసరికి చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆట తిరిగి నడిచింది.

అయినా అన్నయ్య ఓడిపోతూనే ఉన్నాడు. కోట తలుపు విరిగింది. సరిగ్గా అప్పుడు మూలనుంచి ధాన్యం మిల్లు రొద మొదలైంది. సత్తిబాబు మౌస్ కదుపుతున్నాడు, తెర మీద ఏమీ కదలడం లేదు. ఇప్పుడా పెట్టె అన్నయ్య తెర మీద తెరుచుకుంది. ఈసారి ఎవరూ అరవలేదు. అన్నయ్య నాన్నగారి వైపు చూశాడు.

"నిబంధనల్లో ఉందా?" అన్నారు నాన్నగారు.

"ఉందండి."

"మరింకేం?"

"ఇందాక అతను ఆగేడు కదండీ నాన్నగారూ," అన్నాను నేను.

"నువ్వు లోపలికెళ్ళు," అన్నారాయన నా వైపు చూడకుండానే. నేను కదలక ముందే అన్నయ్య నొక్కేశాడు.

ఒకరు చప్పట్లు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. సత్తిబాబు ఇంకా మౌస్ వదల్లేదు. తర్వాత లేచి నిలబడి, "మీరే గెలిచేరండి," అన్నాడు. అన్నయ్య అంతటితో ఊరుకుంటే సరిపోయేది. "గోదాట్లో పడవ ఆగితే దిగి తోస్తారేమో గానీ, ఇక్కడెవడూ తొయ్యడ్రా సత్తీ. ఇంక నీకు బోటే గతి. ఓ సంచీ దగ్గరుంచుకో, కక్కుకోడానికి," అన్నాడు. గది పగిలిపోయేలా నవ్వు. నాన్నగారి పెదవి కూడా కాస్త కదిలింది. సత్తిబాబు గుమ్మం దాకా వెళ్ళాక అన్నయ్య వెనక్కి పిలిచాడు. "దాన్ని రీస్టార్ట్ చేసెళ్ళు. కస్టమర్లొస్తారు." సత్తిబాబు వచ్చి, మీట నొక్కి, అది మూలుగుతూ లేచేదాకా దాని పక్కనే నిలబడ్డాడు. కీబోర్డు మీద తన చేతి చెమట అంటిందని చొక్కా అంచుతో తుడిచి మరీ వెళ్ళాడు.

మరుసటి ఆదివారం చర్చిలో నాన్నగారు లేచి కొడుక్కి దేవుడిచ్చిన విజయం గురించి సాక్ష్యం చెప్పారు. ఇంట్లో పాయసం కాచారు. సత్తిబాబు ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. కొన్నాళ్ళు చూసి మామ్మ ఒకరోజు భోజనాల దగ్గర, "బంగారంలాంటి నెత్తళ్ళు తెచ్చేవాణ్ణి పోగొట్టేరు కదర్రా," అంది. మా ఇంట్లో ఆ కుర్రాడి కోసం ఎవరైనా బాధపడ్డారంటే అదే, అంతే. అన్నయ్య హైదరాబాదు వెళ్ళాడు, ఉద్యోగంలో చేరాడు, పైకొచ్చాడు. సత్తిబాబు బోటెక్కాడని విన్నాను. ఏళ్ళ తరబడి వాంతులు చేసుకుంటూనే వేటకెళ్ళాడని, తర్వాత ఒళ్ళు మొద్దుబారి అవి ఆగాయని అంతర్వేది నుంచి వచ్చే నా విద్యార్థి ఒకడు చెప్పాడు.

ఇక సభలో అన్నయ్య చెప్పింది. గది అదే, ఎండ అదే, ఊడిన కేబుల్ అదే. మనుషుల్ని మాత్రం అటూ ఇటూ మార్చేశాడు. కేబుల్ ఊడింది ఎదుటి కుర్రాడిదట. ఆగింది అన్నయ్యట. "నొక్కెయ్ నొక్కెయ్ అని గదంతా అరుస్తోంది. మా నాన్నగారు నా వైపే చూస్తున్నారు. నేను మౌస్ మీద చెయ్యి తీసేశాను," అన్నాడు. తర్వాత తన కంప్యూటరు ఆగిపోతే ఆ కుర్రాడు క్షణం ఆలోచించకుండా నొక్కేశాడట. "ఆ ఆట నేను ఓడిపోయాను. కానీ కంపెనీవాళ్ళు ఆ సంగతి తెలుసుకుని, మాకు ఇలాంటి మనిషే కావాలని నన్నే పిలిచారు," అన్నాడు. గొంతు వణికింది. నటన అనుకోను. ఇన్నేళ్ళుగా చెప్పీ చెప్పీ అతనికి అది నిజమైపోయినట్టుంది. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలోనే ఒక అమ్మాయి వేదిక దగ్గరికి నడిచింది. కప్పు గెలిచిన జట్టుకి నాయకురాలు, పేరు మౌనిక. ఏడుస్తోంది. "నెట్ పోయిందని తెలిసి కూడా కోట కొట్టేనండి. కప్పు తిరిగిచ్చేస్తున్నాను. మళ్ళీ ఆడతాం," అంది మైకులో. మంచి పని చేస్తున్న పిల్ల, ఒక అబద్ధాన్ని నమ్మి చేస్తోంది. అన్నయ్య పొంగిపోయి అక్కడికక్కడే, చదువవగానే తన కంపెనీలోకి తీసుకుంటానని, ఈ సెలవుల్లోనే పని నేర్చుకోడానికి రమ్మని ప్రకటించాడు. "మీ నాన్నగారొచ్చారా?" అని అడిగాడు. తల్లిదండ్రుల వరసలోంచి, ఎండకి నల్లబడి నెరిసిన మనిషొకడు లేచి నిలబడ్డాడు. సత్తిబాబు.

అన్నయ్య గుర్తుపట్టాడు. ఆ క్షణం అతని ముఖంలోకే చూస్తున్నాను. భయమో సిగ్గో కనపడుతుందనుకున్నాను. రెండూ కనపడలేదు. చెయ్యి చాచి, "ఒరే సత్తీ! నువ్వా! రా, పైకి రా," అన్నాడు. సభవైపు తిరిగి, "ఇతను మా నెట్ సెంటర్‌లోనే ఆడేవాడు. ఆ రోజు అక్కడే ఉన్నాడు," అన్నాడు. ఒక చెయ్యి ఆ పిల్ల భుజం మీద వేసి, రెండో చేత్తో సత్తిబాబు నోటి ముందు మైకు పెట్టి, నవ్వుతూ అడిగాడు. "నేను చెప్పింది నిజమేనా?"

సత్తిబాబు కూతురి వైపు చూశాడు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ తండ్రి వైపే చూస్తోంది.

"ఆయ్. నిజమేనండి," అన్నాడు.

తిరిగి వస్తూ కారులో అడిగాను. "ఎందుకలా చేశావన్నయ్యా? ఉద్యోగం తీసుకున్నావు. అతను చేసిన ఆ ఒక్క మంచిపనీ కూడా తీసుకోవాలా?"

"నీకు పిల్లల మనసు తెలీదే. నొక్కినవాడి కథ ఎవరు వింటారు? చూశావుగా, ఎంత మంచి జరిగిందో," అన్నాడు అన్నయ్య. తర్వాత సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయాడు, హాయిగా.

మా నాన్నగారు కర్కశుడు. కానీ ఆయన నిబంధన ఉందన్నారేగాని, కొడుకు ఆగాడని ఎవరితోనూ అనలేదు. గెలిచినవాడు గెలిచానని చెప్పుకునే కాలం అది. ఇప్పుడు గెలుపుతో ఎవరికీ తృప్తిలేదు, మంచివాడన్న పేరు కూడా తనకే కావాలి. అప్పటి క్రూరత్వం ముఖం మీద నవ్వేది. అది మంచిదని అనను. దాన్ని ఎదుటివాడు కనీసం గుర్తుపట్టగలిగేవాడు.

ఆ వారమే అంతర్వేది వెళ్ళాను. సత్తిబాబు బోటు మానేసి రొయ్యల చెరువుల మీద పనిచేస్తున్నాడు. గట్టు మీద రేకుల పాక దగ్గర నాకు స్టూలు వేసి, కొబ్బరి బొండాం కొట్టించి ఇచ్చాడు. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు చెరువులో తిరుగుతున్నాయి. గాలి ఉప్పగా ఉంది.

"అందరిలో అబద్ధం ఎందుకు ఒప్పుకున్నారు?" అన్నాను.

"పిల్ల భుజం మీద చెయ్యుంది కదండీ," అన్నాడు.

"ఇంటికెళ్ళాకైనా ఆమెకి చెప్పొచ్చు కదా."

"చెప్పేనండి. ఆ రోజే చెప్పేను. ఆగింది నేనమ్మా, నొక్కింది ఆయనమ్మా అన్నాను. నమ్మలేదండి." బొండాం చెక్కలు ఏరి పక్కన పెట్టాడు. "అంత పెద్దాయన అబద్ధమెందుకు చెప్తారు నాన్నా అంది. ఆయన నీ పేరు కూడా బయటపెట్టకుండా కాపాడేరు, నువ్వేమో వెనకాల ఇలాగంటున్నావు అంది. నాకు నీ బుద్ధే వచ్చింది, అందుకే ఆ కోట కొట్టేను అని ఏడ్చిందండి. అన్నం మానేసింది. నాతో మాట్లాడ్డం మానేసింది."

"నేను వచ్చి చెప్తాను. చూసినదాన్ని నేనున్నాను కదా."

"వద్దండి కరుణగారూ. మీరు చెప్తే నమ్ముద్ది. నమ్మితే ఆయన దగ్గరికెళ్ళదు. వెళ్ళకపోతే మరింకేం చేస్తుందండి, ఇక్కడ?" అన్నాడు. చెరువు వైపు తిరిగాడు. "అయినా ఇప్పుడు బానే ఉందండి. మాట్లాడుతోంది. హైదరాబాదెళ్ళడానికి బట్టలు సర్దుకుంటోంది."

"ఎలా?"

"నిన్న పొద్దున్న మళ్ళీ అడిగిందండి, నొక్కింది నువ్వే కదా నాన్నా అని. ఆయ్, నేనేనమ్మా అన్నాను. దగ్గరికొచ్చి కళ్ళు తుడిచి నన్ను క్షమించేసిందండి."